విలన్‌ ఎవరు మేడమ్‌?

2024 మార్చిలో, ‘రజాకార్‌’ సినిమా విడుదలైన రోజుల్లో, నేనూ నా మిత్రురాలూ ఒక డాక్యుమెంటరీ ఆలోచనతో ఫిలింనగర్‌లో ఒక నిర్మాత ఆఫీసుకి వెళ్ళాం. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన ‘పోలీసు చర్య’ సమయంలోనూ, ఆ తర్వాతా హైదరాబాద్‌ రాష్ట్రంలో జరిగిన ముస్లింల ఊచకోత మా విషయం. అంతా విని ఆయన, “ఇందులో విలన్‌ ఎవరు మేడమ్‌?” అన్నారు.

రజాకార్ల దారుణాలు అబద్ధం కాదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండ గురించి చెప్పాల్సిందే. కానీ దాని తర్వాత జరిగిందీ చరిత్రే. భారత ప్రభుత్వం కోరగా పండిత్‌ సుందర్‌లాల్‌ బృందం ఆ ఏడాది నవంబరు, డిసెంబరు నెలల్లో ఊళ్ళు తిరిగింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్‌, గుల్బర్గా, బీదర్‌, నాందేడ్‌ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయి. హత్యలు, లూటీలు, స్త్రీలపై అత్యాచారాలు, కొన్నిచోట్ల సైనికులూ పోలీసులూ పాలుపంచుకోవడం, ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువారిని కాపాడిన హిందువులు, అన్నీ ఆ నివేదికలో ఉన్నాయి. ఒక బావిలో వాళ్ళు 11 శవాలు లెక్కపెట్టారు. అందులో ఒక తల్లి రొమ్ముకు ఆమె పసిబిడ్డ అంటుకునే ఉంది.

ప్రభుత్వం ఆ నివేదికను ప్రచురించలేదు. 2013 నాటికి ఢిల్లీలోని నెహ్రూ మ్యూజియం లైబ్రరీలో అది చదివే వీలు కలిగింది.

దాచింది ప్రభుత్వం ఒక్కటేనా? నా పిహెచ్‌డిలో 1947 నాటి ‘మా భూమి’ నాటకం నుంచి 1980 నాటి సినిమా దాకా ఒక అధ్యాయం రాశాను. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను పేజీ పేజీకీ ఉటంకించాను. పోరాటంలో ఉన్న స్త్రీల గొంతు వినడం నాకు నేర్పింది ఆ పుస్తకమే. అయినా ఆ బావిలోని తల్లి గురించి నేను ఒక్క వాక్యం రాయలేదు. విముక్తి, విలీనం, విద్రోహం అనే మాటల మధ్య ఆమెకు నా దగ్గర చోటు లేకపోయింది.

డాక్యుమెంటరీకి డబ్బు దొరకలేదు. నివేదికలోని కొన్ని భాగాలను నాటకంగా మలిచి, జూబ్లీహిల్స్‌లో ఒక స్నేహితురాలి ఇంటి డాబా మీద ఇరవై మంది ముందు చదివాం. వేషాలు లేవు, విలన్‌ లేడు. అయిపోయాక ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుని, “బేటీ, మా అమ్మీ ఆ ఏడాది ముచ్చటే ఎత్తేది కాదు. ఎవరన్నా అడిగి ఉంటే చెప్పేదేమో” అంది.

అడగాల్సిన వాళ్ళు ఇంకా కొద్దిమంది మిగిలి ఉన్నారు. కెమెరా సంగతి తర్వాత, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్తున్నాం.