రెండు ఇళ్ల మధ్య ఒక దారి



పోయిన ఆదివారం మన యవనస్థులు "అమేజింగ్ గ్రేస్" పాటను తెలుగులో పాడారు. ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ ఒక పెద్దమ్మ అడిగింది: "అయ్యగారూ, ఆ పాట రాసినాయన ఇల్లు ఇంకా ఉందా?" ఉందమ్మా అన్నాను. ఇంటికి వచ్చాక, అంత చిన్న జవాబు చెప్పి ఊరుకున్నందుకు మనసొప్పలేదు. ఆ ఇంటి కథ చెప్పాలంటే దానికి దగ్గరలోనే ఉన్న ఇంకో ఇంటి కథ కూడా చెప్పాలి. అందుకే ఈ వారం ఇది రాస్తున్నాను.

ఆ ఊరి పేరు ఓల్నీ. ఇంగ్లాండులో బకింగ్‌హామ్‌షైర్ జిల్లా ఉత్తరపు కొసన, గ్రేట్ ఊజ్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఒకప్పుడు చుట్టుపక్కల పల్లెలకు అదే సంత ఊరు. ఊరి మధ్య సంత మైదానం, దాని చుట్టూ ఇళ్లు. 250 ఏళ్ల క్రితం అక్కడి బీదల బతుకు లేసు అల్లకం మీద నడిచేది. మన నర్సాపురం వైపు అమ్మలు కొక్కెం సూదితో అల్లుతారు. ఓల్నీలో దిండు ఒళ్లో పెట్టుకుని, దారాలు చుట్టిన చిన్న చిన్న కర్రపుల్లలతో అల్లేవారు. ఆడవాళ్లు, పిల్లలు కూడా పొద్దస్తమానం కూర్చునేవారు. అయినా కడుపు నిండేది కాదు. ఆ చిన్న ఊళ్లో వందలాది మంది పస్తులకు దగ్గరలో ఉన్నారని 1780లో అక్కడివాడే ఒకాయన ఉత్తరం రాశాడు. ఆయన ఎవరో కాసేపట్లో చెబుతాను.

ఊరికి దక్షిణపు కొసన, నది దగ్గర, పేతురు పౌలుల పేరిట రాతి దేవాలయం ఉంది. 14వ శతాబ్దపు కట్టడం. దాని శిఖరం 185 అడుగుల ఎత్తు. 1764లో జాన్ న్యూటన్ ఆ దేవాలయానికి సహాయ గురువుగా వచ్చాడు. న్యూటన్ అంతకుముందు ఓడ కెప్టెను. ఆ ఓడలు మోసింది మనుషులను. ఆఫ్రికా వారిని గొలుసులతో కట్టి, సముద్రం దాటించి అమ్మే ఓడలు అవి. 1748లో తుపానులో ప్రభువుకు మొరపెట్టిన తరువాత కూడా ఆయన 1754 వరకు ఆ ఓడలు నడిపాడు. ఈ మాట దాచకూడదు. 1788లో ఆయనే ఆ వ్యాపారం గురించి పుస్తకం అచ్చువేసి, తన పాపాన్ని లోకం ముందు ఒప్పుకున్నాడు.

దేవాలయానికి దగ్గరలోనే వికారేజీ ఉంది. మన మాటలో పాస్టరుగారి బంగళా. 1767లో లార్డ్ డార్ట్‌మత్ అనే దొర దాన్ని బాగుచేయించి పెద్దది చేయించాడు. పైకప్పు కింది గదిలో న్యూటన్ చదువుకునేవాడు, ప్రసంగాలు సిద్ధం చేసుకునేవాడు. అక్కడ గోడ మీద రెండు వాక్యాలు రాయించుకున్నాడు. ఒకటి యెషయా 43:4, నీవు నా దృష్టికి ప్రియుడవు అని దేవుడు చెప్పిన మాట. రెండోది ద్వితీయోపదేశకాండము 15:15, ఐగుప్తులో నీవు దాసుడవై యుండిన సంగతి మరువకుము అన్న హెచ్చరిక. మనుషులను దాసులుగా అమ్మినవాడు రోజూ తలెత్తి చూసేచోట ఈ మాట రాసుకున్నాడు. ఈ బంగళాకు ఎప్పుడు ఎవరు వచ్చినా అన్నం పెట్టడానికీ, బీదలకు ఇవ్వడానికీ జాన్ థార్న్‌టన్ అనే ధనవంతుడైన విశ్వాసి ఏటా 200 పౌండ్లు పంపేవాడు.

ఇక రెండో ఇల్లు. సంత మైదానం ఎదురుగా ఎర్ర ఇటుకలతో కట్టిన ఎత్తైన ఇల్లు. పేరు ఆర్చర్డ్ సైడ్. 1768లో విలియం కూపర్ అనే కవి, ఆయనను తల్లిలా చూసుకున్న మేరీ అన్విన్ అనే విధవరాలు అందులో కాపురం పెట్టారు. లేసు అల్లేవారి ఆకలి గురించి ఉత్తరం రాసింది ఈ కూపరే. ఇంతకుముందు ఆయనకు మనసు బాగా దెబ్బతిని, ప్రాణం తీసుకునేంత నిరాశ వచ్చింది. సెయింట్ ఆల్బన్స్ ఊళ్లో డాక్టర్ కాటన్ అనే వైద్యుడి దగ్గర ఉండి చికిత్స తీసుకున్నాడు. ఆయన రక్షణ నిశ్చయత పొందింది ఆ వైద్యుడి ఇంట్లోనే. దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఆర్చర్డ్ సైడ్ పెరటికీ వికారేజీ పెరటికీ మధ్య వేరేవాళ్ల పండ్లతోట ఉంది. వీధి చుట్టూ తిరిగి రావడం ఎందుకని, ఆ తోటలోంచి నడిచే హక్కు కోసం ఈ స్నేహితులు ఏటా ఒక గినీ, అంటే 21 షిల్లింగులు, కట్టేవారు. ఆ స్థలానికి గినీ తోట అనే పేరు వచ్చింది. ఇద్దరూ ఆ దారిన రాకపోకలు సాగించారు. ప్రార్థన కూడికలకు జనం ఎక్కువై, లార్డ్ డార్ట్‌మత్‌కు చెందిన ఖాళీ భవనంలో కూడుకునేవారు. గ్రేట్ హౌస్ అని పిలిచేవారు. ఆ భవనం ఇప్పుడు లేదు. ఆ కూడికల కోసం వీళ్లు రాసిన పాటలు మాత్రం ఉన్నాయి. 1779లో 348 పాటలతో పుస్తకం అచ్చయింది. అందులో 60కి పైగా కూపర్‌వి, మిగిలినవి న్యూటన్‌వి.

ఊళ్లో ఇంకో మందిరం గురించి ఒక్క మాట. హై స్ట్రీట్‌లో బాప్టిస్టుల మందిరం ఉంది. 1785లో విలియం కేరీ అనే చెప్పులు కుట్టే యువకుడు అక్కడ ప్రసంగించాడు. సంఘం వెంటనే ఒప్పుకోలేదు, ఇంకొంత కాలం చూద్దామన్నారు. మరుసటి ఏడు, జాన్ సట్‌క్లిఫ్ కాపరిగా ఉండగా, ఆ సంఘమే ఆయనను సేవకు ఏర్పరచింది. ఆ కేరీయే తరువాత బెంగాల్ వచ్చాడు. ఆయన శ్రీరాంపూర్ ముద్రణాలయంలోనే 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయింది. ఆ విధంగా ఆ చిన్న ఊరికి మనం కూడా రుణపడ్డాం.

ఇప్పుడు 1773 దగ్గరికి వద్దాం. జనవరి 1న న్యూటన్ మొదటి దినవృత్తాంతములు 17వ అధ్యాయం మీద ప్రసంగించాడు. నన్ను ఇంతవరకు తెచ్చుటకు నేనెంతటివాడను అని దావీదు అడిగిన చోటు. ఆ ప్రసంగం కోసం రాసుకున్న పాటే మన యవనస్థులు పాడింది. ఆ జనవరి నెలలోనే కూపర్ మనసు మళ్లీ కూలిపోయింది. దేవుడు తనను విడిచిపెట్టేశాడని నమ్మాడు. ఆ తరువాత ఆయన గుడి గడప తొక్కలేదు.

ఏప్రిల్‌లో సంత మైదానంలో తిరునాళ్లు జరిగింది. ఆ గోల ఆర్చర్డ్ సైడ్ కిటికీల కిందే. అది భరించలేక కూపర్ ఆ పెరటి దారిన వికారేజీకి వచ్చాడు. వచ్చినవాడు మళ్లీ వెళ్లనన్నాడు. 1774 మే వరకు, ఏడాదికి పైగా, న్యూటన్ దంపతులు ఆయనను, మేరీ అన్విన్‌ను తమ ఇంట్లో పెట్టుకున్నారు. కృపను గురించి ఇంత గొప్ప పాట రాసిన కాపరి ఇంట్లోనే, కృప నాకు లేదు అనే మనిషి రోజూ భోజనానికి కూర్చున్నాడు. న్యూటన్‌కు అది సులువుగా లేదు. కొన్నిసార్లు తన హృదయం సహనం కోల్పోయి తిరగబడిందని ఆయనే ఒప్పుకున్నాడు. అయినా అలాంటి స్నేహితుడి కోసం ఎంత చేసినా ఎక్కువ కాదన్నాడు. పొమ్మనలేదు.

కూపర్ ఆర్చర్డ్ సైడ్‌కు తిరిగి వెళ్లాక మూడు కుందేళ్లను పెంచాడు. వాటికి గూళ్లు తానే చేశాడు. తోటపని పట్టుకున్నాడు. ఆ పెరట్లో ఒక చిన్న గది ఉంది. ఒకప్పుడు మందులమ్మే ఆయన అక్కడ కూర్చుని చుట్ట కాల్చుకునేవాడట. పల్లకికన్నా పెద్దగా ఏమీ లేదని కూపరే నవ్వుతూ రాశాడు. ఆ గదిలో కూర్చుని ఆయన రాసిన కవిత్వాన్ని ఇంగ్లాండు అంతా చదివింది. బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా కూడా ఆయన పాటలు కట్టాడు. కానీ చీకటి పూర్తిగా పోలేదు. 1800 ఏప్రిల్ 25న చనిపోయేవరకు ఆయన దానితో పెనుగులాడాడు. సాక్ష్యం చివర స్వస్థత ఉంటేనే చెప్పుకోవడం మనకు అలవాటు. ఈ సాక్ష్యంలో అది లేదు. తలుపు మూయని స్నేహం ఉంది.

ప్రియులారా, ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి ఒక తమ్ముడు వచ్చాడు. చదువుకున్నవాడు, చక్కగా పాడేవాడు. "అయ్యగారూ, రాత్రిళ్లు నిద్ర లేదు, ప్రార్థన చేద్దామంటే నోరు రావడం లేదు" అన్నాడు. నేనేం చేశాను? విశ్వాసం చాలడం లేదన్నాను. మూడు రోజులు ఉపవాసం ఉండమన్నాను. తరువాతి ఆదివారం అతను రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. వాళ్ల ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతలే. నేను వెళ్లలేదు. నాలుగు నెలలు వెళ్లలేదు.

ఏలీయా బదరీ చెట్టు కింద పడుకుని చావు కోరుకున్నప్పుడు దూత ప్రసంగం చెయ్యలేదు. రొట్టె, నీళ్లు పెట్టి, లేచి తినమంది. తిన్నాక మళ్లీ పడుకోనిచ్చింది. సెమినరీలో ఆ అధ్యాయం మీద నేను మంచి మార్కులే తెచ్చుకున్నాను. అవసరం వచ్చిన రోజున మాత్రం గుర్తురాలేదు.

చివరికి వాళ్ల అమ్మే వచ్చి ఏడిస్తే వెళ్లాను. క్షమించమని అడిగాను. తరువాత ఇద్దరం కలిసి బస్సెక్కి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాం. మందులు మొదలయ్యాయి. ఇప్పుడు గురువారం సాయంత్రాలు వాళ్ల అరుగు మీద కూర్చుంటాను. కొన్ని వారాలు అతను మాట్లాడతాడు, కొన్ని వారాలు మాట్లాడడు. ఇదంతా రాయమని అతనే చెప్పాడు.

ఆర్చర్డ్ సైడ్ ఇప్పుడు కూపర్, న్యూటన్‌ల మ్యూజియం. కూపర్ చనిపోయి సరిగ్గా నూరేళ్లయిన రోజున, 1900 ఏప్రిల్ 25న తెరిచారు. పెరట్లో ఆ చిన్న గది ఇంకా నిలబడి ఉంది. న్యూటన్ ఓల్నీ విడిచి లండన్ వెళ్లి అక్కడే చనిపోయాడు. 1893లో ఆయన అవశేషాలను తెచ్చి ఓల్నీ దేవాలయపు సమాధుల తోటలోనే మళ్లీ పాతిపెట్టారు.

రాయి, ఇటుక ఉన్న ఇళ్లను ఎవరో ఒకరు కాపాడతారు. వాటి మధ్య దారి మాత్రం నడిచేవాళ్లు ఉంటేనే ఉంటుంది. ఒకరి భారములను ఒకరు భరించమని గలతీయులకు 6:2లో అపొస్తలుడు రాసింది ఆ దారి గురించే అనుకుంటాను. ఈ వారం మీరు ఒక పని చేయండి. గుడికి రావడం మానేసిన ఒక్కరి పేరు కాగితం మీద రాసుకోండి. వాక్యం చెప్పాలని తొందరపడకండి. ఒక పూట వెళ్లి, వాళ్లతో టీ తాగి రండి. డాక్టరు దగ్గరికి తోడు కావాలంటే తోడు వెళ్లండి. వైద్యుడి ఇంట్లో కూడా ప్రభువు ఉంటాడని కూపర్ జీవితమే చెబుతోంది.

ప్రార్థన: ప్రభువా, మేము దాసులమై యుండగా మమ్మును విడిపించితివి. మా మధ్య చీకటిలో ఉన్నవారి ఇంటికి వెళ్లే దారిలో గడ్డి మొలవనీయకుము. వెళ్లడానికి కాళ్లు, ఊరకే కూర్చోవడానికి ఓపిక మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ కాపరి