ప్రొవెనెన్స్: వస్తువు వచ్చిన దారి

మ్యూజియంలో శిల్పం పక్కన ‘11వ శతాబ్దం, తమిళనాడు’ అన్న చీటీ ఉంటుంది. అక్కడి నుంచి ఈ అద్దాల గదికి ఎవరెవరి చేతులు మారి వచ్చిందన్నదే ప్రొవెనెన్స్. లాటిన్‌లో ‘ప్రొవెనిరె’ అంటే బయల్పడి రావడం. ఆ మాటే ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరి, కళాఖండాల యాజమాన్య చరిత్రకు పేరైంది.

మనకూ దీనికి దగ్గరి మాట ఉంది. గుడి శాస్త్రంగా మనకు తెలిసిన ‘ఆగమం’ ధర్మశాస్త్రాల్లో ఆస్తి సంక్రమించిన న్యాయమైన మార్గం కూడా. వస్తువు చేతిలో ఉంటే చాలదు, ఎలా వచ్చిందో చూపాలన్నది యాజ్ఞవల్క్య స్మృతి వాదం.

కాగితం ఉన్నంత మాత్రాన దారి తేలిపోదు. తమిళనాడులోని శ్రీపురందన్ ఊరి గుడికి చెందిన నటరాజ విగ్రహాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2008లో 50 లక్షల అమెరికన్ డాలర్లకు కొంది. అది దశాబ్దాల క్రితమే భారతదేశం దాటిందని వెంట వచ్చిన పత్రాలు చెప్పాయి. పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ దగ్గరున్న 1994 నాటి ఫొటోలో మాత్రం అదే నటరాజు ఊరి గుడిలోనే ఉన్నాడు. ఇలాంటప్పుడు పోతలో పడిన లోపాలు, అరుగుదల చోట్లు ఫొటోతో ఒక్కొక్కటే సరిపోల్చి చూస్తారు; ఏ రెండు పంచలోహ విగ్రహాలూ అచ్చంగా ఒకేలా ఉండవు. 2014 సెప్టెంబరులో స్వామి భారతదేశానికి తిరిగి వచ్చాడు.

రెండేళ్లకు, 2016లో, అదే గ్యాలరీ ఆంధ్రప్రదేశ్‌కు చెందిన మూడో శతాబ్దపు సున్నపురాతి బౌద్ధ ఫలకాన్నీ అప్పగించింది. నటరాజుడి దారి తేల్చింది పాత ఫొటోయే కాబట్టి, ఊరి గుళ్లలోని ప్రతి విగ్రహానికీ నలువైపులా ఫొటోలు తీసి, కొలతలు రాసి దాచడం దేవాదాయ శాఖ వెంటనే చేయాల్సిన పని.