మణికట్టుకూ గడియారానికీ మధ్య నాలుగు మిల్లీమీటర్లు

చేతి గడియారం చరిత్ర రాసినవారిలో ఎక్కువమంది దాని కడుపులోని యంత్రం గురించే రాశారు. దాన్ని చేతికి పట్టి ఉంచే చైను గురించి, ఆ చైనును బిగించే లాకు గురించి రాసినవారు తక్కువ. రోజంతా ఒంటికి ఒరుసుకునేది మాత్రం ఆ లాకే. బరంపురంలో వేసవి గడిపినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. గోపాల్‌పూర్ వైపు నుంచి ఉప్పుగాలి వీచే రోజుల్లో పొద్దున తొమ్మిదింటికి చక్కగా అమరిన చైను మధ్యాహ్నం మూడింటికి మణికట్టును కొరుకుతుంది. వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి, చెయ్యి కొద్దిగా ఉబ్బుతుంది, రాత్రికి మళ్ళీ తగ్గుతుంది. ఆ తేడా కొన్ని మిల్లీమీటర్లే. కాని చైనులో ఒక లింకు తీయిస్తే ఒక్కసారిగా ఎనిమిదో పదో మిల్లీమీటర్లు తగ్గిపోతుంది. తీస్తే బిగువు, ఉంచితే వదులు. ఈ సందును పూడ్చిన తీరే నేను చెప్పదలచిన చరిత్ర.

మన కంసాలులకు ఈ చిక్కు ఎప్పటినుంచో తెలుసు. గాజు చేతిమీదుగా దూరాలి కనుక మణికట్టు దగ్గర వదులుగానే ఉంటుంది. దానికి మందు లేదు. కడియానికి మర పెట్టి విప్పే ఏర్పాటు చేశారు. నెక్లెసు వెనక గొలుసుకు ఒకటికి నాలుగు గుండ్రాలు పెట్టి, మెడను బట్టి ఏ గుండ్రానికి కావాలంటే దానికి కొక్కెం తగిలించుకోమన్నారు. ఖరీదైన వాచీల లాకుల్లో చివరికి వచ్చి చేరిన ఉపాయం మూలంలో ఇదే.

ఇక చైను మెలికలు తిరిగే విద్య చూడాలంటే మన గంజాం జిల్లాలోనే బెల్లగుంఠ వెళ్ళాలి. అక్కడి ఇత్తడి చేపను చేతిలోకి తీసుకున్నవారికి తెలుస్తుంది. తల, తోక, మధ్యలో పొలుసుల వరసలు విడివిడిగా చేసి, ఒకదానికొకటి కదిలేలా తగిలిస్తారు. తోక పట్టుకుంటే ప్రాణమున్న చేపలా ఒళ్ళు విరుచుకుంటుంది. వెండితోనూ చేస్తారు. వాచీ చైనుకూ దీనికీ చుట్టరికం ఉందని నేననను. కాని కీలు ఎంత వదులుగా ఉంటే కదలిక సాఫీగా ఉంటుందో, ఎంత వదులైతే వేలాడిపోతుందో ఆ చేప చేసేవారికీ, జెనీవాలో చైను చేసేవారికీ ఒకే లెక్క. ధర దగ్గరే లెక్క మారిపోతుంది.

గడియారం జేబులోంచి చేతికెక్కిన తొలి రోజుల్లో తోలు పట్టాయే దిక్కు. 1910 ప్రాంతంలో పారిస్ నగల వ్యాపారి కార్తియే మడత లాకును తెచ్చాడు. పట్టాను విప్పనక్కరలేదు, లాకు తెరిస్తే పట్టా పెద్ద వలయమవుతుంది, మూస్తే మణికట్టుకు అమరుతుంది. గడియారం జారి కిందపడే భయం తీరింది, కొలత మార్చుకునే సౌకర్యం మాత్రం రాలేదు. 1930లలో బ్రిటన్‌లో వాడుకకొచ్చిన బాన్‌క్లిప్ అనే లోహపు పట్టా ఇంకా తెలివైనది. నిచ్చెన మెట్లలాంటి కడ్డీలు. ఏ మెట్టుకు కావాలంటే ఆ మెట్టుకు కొక్కెం. పనిముట్టుతో అవసరం లేదు. బ్రిటిష్ వైమానిక దళంలోనూ దీన్ని వాడారు. చవకది, చూడటానికి నాజూకుగా ఉండదు. అందుకేనేమో పెద్ద కంపెనీలు తరవాత దాని దారి పట్టలేదు. 1940ల చివర రోలెక్స్ తెచ్చిన ఆయిస్టర్ చైను లాంటివాటిలో లాకు అంచున వరసగా చిన్న రంధ్రాలు పెట్టారు. పుల్లతో పిన్ను నొక్కి పక్క రంధ్రంలోకి జరపాలి. మధ్యాహ్నం చెయ్యి ఉబ్బిందని ఆఫీసులో ఎవరు పుల్ల తీసుకుని కూర్చుంటారు?

మన దేశంలో హెచ్.ఎం.టి. 1961లో జపాన్ సిటిజెన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో వాచీలు మొదలుపెట్టింది. పెళ్ళికొడుక్కి మామగారు పెట్టే వస్తువుల్లో వాచీ చేరింది. చైను వాచీ అంటే గౌరవం, తోలు పట్టా అంటే ఒక మెట్టు తక్కువ. చెమటకు తోలు కుళ్ళిపోయే మన తీరంలో చైనుకు మరో కారణం కూడా ఉంది. మెడమీది వెంట్రుకల్లాగే చేతిమీది వెంట్రుకలకూ నొప్పి తెలుస్తుందని మనవాళ్ళకు నేర్పింది మాత్రం స్ప్రింగు చైను. లాగితే సాగుతుంది, వదిలితే మూసుకుంటుంది, పోతూ పోతూ రెండు వెంట్రుకలు పట్టుకుపోతుంది. అయినా కొలత సంగతి దానంతట అది చూసుకునే చైను సామాన్యుడికి అదొక్కటే. లెడ్జర్ల కాలంలో మా బ్యాంకువాళ్ళం ఎడమచేత్తో పేజీ అదిమిపట్టి కుడిచేత్తో రాసేవాళ్ళం. మడత లాకు బల్లకు ఒరుసుకుని గీతలు పడేది. స్ప్రింగు చైనుకు ఆ బాధ లేదు.

ఖరీదైన వాచీల నిర్వాకం చూడండి. 1972లో ఒడెమార్ పిగే రాయల్ ఓక్ అనే ఉక్కు వాచీని 3,300 స్విస్ ఫ్రాంకులకు అమ్మకానికి పెట్టింది; అప్పటి కొన్ని బంగారు వాచీలకంటే ఎక్కువ. దాని గొప్పంతా కేసులో కలిసిపోయిన చైనులోనే ఉంది. 1976లో పాటెక్ ఫిలిప్ నాటిలస్ వచ్చింది. ఈ రెండింటినీ గీసినవాడు జెరాల్డ్ జెంటా అనే ఒకే మనిషి. నాటిలస్ వేసుకున్నాయన మణికట్టు ఉబ్బితే, లాకులోనే చేత్తో రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు సర్దుకునే ఏర్పాటు 2022లో గాని రాలేదు. నలభై ఆరేళ్ళకు నాలుగు మిల్లీమీటర్లు! ఏ ఆఫీసు ఫైలూ ఇంత మెల్లగా కదలగా నేను చూడలేదు.

ముందుగా సౌకర్యం దక్కింది సముద్రంలో మునిగేవాళ్ళకి. లోతులో నీటి ఒత్తిడికి ఈత సూటు పలచబడుతుంది, పైన బిగించిన చైను వదులవుతుంది. అందుకని 2008లో రోలెక్స్ డీప్‌సీ వాచీకి గ్లైడ్‌లాక్ పెట్టింది: రెండేసి మిల్లీమీటర్ల చొప్పున సుమారు ఇరవై మిల్లీమీటర్ల దాకా, పనిముట్టు లేకుండా. దాన్ని కొన్నవాళ్ళలో నీళ్ళలో దిగేవాళ్ళెందరో గాని, ఎండలో కారు దిగేవాళ్ళకు బాగా పనికొచ్చింది. రోజూ సముద్రంమీదకు వెళ్ళే మన గోపాల్‌పూర్ తెలుగు నోలియాలు వేటలో పొద్దు చూసేది ఆకాశంలోనే. 2021 నుంచి రోలెక్స్ వారి చెల్లెలు కంపెనీ ట్యూడర్ ఇలాంటి లాకునే ఎనిమిది మిల్లీమీటర్ల మేర తక్కువ ధర వాచీలకూ ఇస్తోంది.

బిగువు కేవలం సుఖానికి సంబంధించిన మాట అనుకోకూడదు. ఉక్కు చైనులో మామూలుగా వాడే 316ఎల్ రకంలో నికెలు పదో వంతుకు మించి ఉంటుంది. మంచి ఉక్కు దాన్ని లోపలే పట్టి ఉంచుతుంది. నాసిరకం పూత చెమటకు వదిలేస్తుంది. బిగువైన లాకు కింద చెమట ఆరదు, నికెలు పడనివారికి చర్మం ఎర్రబడి దురదపెడుతుంది. ఐరోపా సంఘం 1994లోనే ఒంటికి తగిలే వస్తువుల్లోంచి వారానికి చదరపు సెంటీమీటరుకు అర మైక్రోగ్రాముకు మించి నికెలు రాకూడదని నిబంధన చేసింది. లాకు కింద మచ్చ ఉన్నవారు మన బజార్లలో ఎందరో కనిపిస్తారు. వాచీ పడలేదంటారు, పడనిది నికెలు. పడనివారికి టైటానియం ఉంది. సిటిజెన్ 1970లోనే టైటానియం వాచీ చేసింది.

హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసివేయాలని 2016లో కేంద్రప్రభుత్వం నిర్ణయించింది. మన ఇళ్ళలో బీరువా అడుగున తాతగారి వాచీ, నాన్నగారి వాచీ ఇంకా ఉన్నాయి. కీ ఇస్తే నడుస్తాయి. కాని పెళ్ళినాటి సన్నని మణికట్టుకు లింకులు తీయించిన చైను ఇప్పటి మనవడి చేతికి చాలదు, ఆ లింకులు ఎక్కడా దొరకవు. లాకులోనే నాలుగు మిల్లీమీటర్ల వెసులుబాటు ఉండి ఉంటే వాటిలో కొన్నయినా ఇంకా చేతులమీద తిరిగేవి. వాచీ బాగుచేసే పెద్దాయన చైను కురచ చేశాక తీసిన లింకులు, పిన్నులు కాగితంలో పొట్లం కట్టి ఇస్తాడు. చాలామంది దాన్ని దుకాణం బల్లమీదే వదిలేసి వస్తారు. అడిగి తెచ్చుకుని, పైన వాచీ పేరు రాసి, రసీదుతోపాటు దాచండి.