రిజిస్టరు ఎవరి చేతిలో?

ఆడ, మగ తేడాల గురించీ లైంగికత గురించీ పరిశోధన అనగానే "అదంతా పడమటి నుంచి దిగిన చదువు" అని కొట్టిపారేసేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఖమ్మం జిల్లా బోనకల్ వైపు నుంచి చూస్తే ఆ మాట నిలవదు. ఒకప్పుడు ఆ ప్రాంతం నిజాం రాజ్యానికి అంచు. సరిహద్దు దాటితే మద్రాసు ప్రెసిడెన్సీ, మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు. 1874లో అక్కడ పుట్టిన భండారు అచ్చమాంబ బడికి పోలేదు, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తోడుగా ఇంట్లోనే చదువుకుంది. ఆడది అబల, బుద్ధి తక్కువది అన్న మాట తప్పని చూపడానికి స్త్రీల చరిత్రలు పోగుచేసి 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువరించింది. అయితే పేరులోనే ఒక గీత ఉంది: సచ్చరిత్ర ఉన్నవాళ్లకే అందులో చోటు. ఆ గీతను చెరిపే పని బెంగుళూరు నాగరత్నమ్మకు పడింది. తంజావూరు ఆస్థానంలో గణిక ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను వీరేశలింగం బూతని తీసిపారేస్తే, సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని ఆమె నిలదీసి 1910లో ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చువేయించింది. మరుసటి ఏడే సర్కారు నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు హయాంలో గానీ ఆ నిషేధం తొలగలేదు.

ఇటు నిజాం రాజ్యంలో రాత వేరే చేతికి పోయింది. ఫసలీ 1329లో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. వాళ్ల పేర్లూ చిరునామాలూ పోలీసు రిజిస్టరుకెక్కాలి. అలా పేరెక్కినవాళ్లు చీర కట్టి, నగలు పెట్టి వీధిలో కనబడితే వారంటు లేకుండానే అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. పిల్లల్ని ఎత్తుకుపోకుండా ఆపడానికే ఈ కట్టడి అని సమర్థించేవాళ్లకు జవాబు కష్టం కాదు. ఎత్తుకుపోవడమే నేరమైతే ఎత్తుకుపోయినవాణ్ని పట్టుకోవాలి, చీరను కాదు. పైగా ఈ చట్టానికి ఒరవడి 1871 నాటి బ్రిటిష్ నేరస్థ తెగల చట్టం. పడమటి సరుకు ఏదంటే ఇదీ!

కాబట్టి మన దగ్గర ఈ చదువు విశ్వవిద్యాలయాల్లో పుట్టింది కాదు. ఒకరి బతుకు గురించి ఇంకొకరు రాసిపెడితే, ఆ రాతను కాదనడంలోంచి పుట్టింది. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటపు ఆడవాళ్లు తమ కథ తామే చెప్పుకున్నారు. తుపాకీ పట్టినవాళ్లను పోరు ముగిశాక మళ్లీ వంటింటికి పొమ్మన్న సంగతి కమ్యూనిస్టు పార్టీ చరిత్రల్లో కన్నా అక్కడే సూటిగా వినబడుతుంది. జ్ఞాపకాలు పొరబడవా అంటే పొరబడతాయి. పోలీసు రిజిస్టరు పొరబడదా మరి?

ఆ 1919 చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. హిజ్రాలే కోర్టుకెక్కి సాధించుకున్న తీర్పది. అంతకుముందే 2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాక 'ఇతరులు' అన్న మూడో గడి మొదటిసారి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ గడిలో తేలినవాళ్లు 43,769 మంది. అయితే ఎన్యూమరేటరు గడపలో నిలబడి అడిగితే జవాబు చెప్పేది మామూలుగా ఇంటిపెద్ద. ఇల్లు విడిచిపోయిన బిడ్డను అతను ఏ గడిలో వేయించాడో, అసలు లెక్కలో చెప్పాడో లేదో ఆ అంకెలో కనబడదు.