గట్టు తగాదాలో గెలిచినదెవరు?



బండి ఆత్మకూరు ప్రాంతపు రైతుకు కాలువ నీటి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. పైనున్నవాడు నీళ్లు మళ్లించుకుంటే క్రిందివాని మడి ఎండిపోతుంది. గట్టు ఒక్క సాలు జరిగితే అన్నదమ్ములకు మాటలుండవు. ఈ తగాదా ఎంత పాతదో మీరెప్పుడైనా ఆలోచించారా? మనిషి వివరంగా వ్రాసిపెట్టిన అతి ప్రాచీన యుద్ధాలలో ఒకటి సరిగ్గా దీని కోసమే జరిగింది.

బైబిలులో షీనారు అని పిలువబడిన దేశమును చరిత్రకారులు సుమేరు అంటారు. అది నేటి ఇరాకు దక్షిణ భాగము. అక్కడ పంటకు చాలినంత వాన లేదు. యూఫ్రటీసు, టైగ్రీసు నదుల నీటిని కాలువల ద్వారా పొలాలకు తెచ్చుకోవాలి. కాలువ త్రవ్వడానికి వందల చేతులు కావాలి, ధాన్యానికి లెక్క కావాలి. అలా గ్రామాలు పట్టణాలైనవి. ఆదికాండము 10వ అధ్యాయములో ఎరెకు అని చదివే ఉరుకు పట్టణంలో క్రీ.పూ. 3300 ప్రాంతంలో మట్టి పలకలపై వ్రాత మొదలైంది. మొదట వ్రాసినవి ఎక్కువగా ధాన్యం, పశువుల లెక్కలే.

ఊరు, ఉరుకు, లగాషు, ఉమ్మా, కిషు, ఇలా ఎన్నో పట్టణాలు లేచాయి. దాదాపు ఒకే భాష, ఒకే వ్రాత. అయినా ప్రతి పట్టణానికి తన రాజు, తన దేవత, తన పొలిమేర.

లగాషు, ఉమ్మా ఇరుగుపొరుగు పట్టణాలు. వాటి మధ్య మైదానపు అంచున సారవంతమైన భూమి ఉంది. కిషు రాజైన మెసిలిము మధ్యవర్తిగా వచ్చి హద్దు రాయి పాతించాడు. ఉమ్మా పాలకుడు దానిని పెరికివేశాడు. క్రీ.పూ. 2450 ప్రాంతంలో లగాషు రాజు ఎయన్నాతుము ఉమ్మాను ఓడించి హద్దు రాయిని మళ్లీ నిలిపాడు. తన విజయాన్ని రాతిపై చెక్కించాడు. శత్రువుల తలలను రాబందులు ఎత్తుకుపోతున్న ఆ రాతి ముక్కలు నేడు పారిసులోని లూవ్ర మ్యూజియంలో ఉన్నాయి.

తగాదా అంతటితో తీరిందా? లేదు. ఆ భూమిలో కొంత సాగు చేసుకున్నందుకు ఉమ్మా యవలు చెల్లించాలి. వడ్డీ పెరిగి పెరిగి చెల్లించలేనంత అయింది. ఉమ్మా వారు అప్పు ఎగగొట్టి, హద్దు కాలువ నీటిని మళ్లించి, రాళ్లను పగులగొట్టారు. ఎన్మెతేన అనే రాజు మళ్లీ వారిని ఓడించి, ఈ కథంతా ఒక మట్టి శంకువుపై వ్రాయించాడు. ఒక మాట మరువకండి. ఈ కథ మనకు చేరింది ఎక్కువగా లగాషు వారి నోటనే. ఉమ్మా వారిని అడిగితే ఏమి చెప్పేవారో!

తరువాత లగాషులో ఉరుకగీన రాజయ్యాడు. అధికారుల దోపిడీని అరికట్టి, విధవను, తండ్రిలేని బిడ్డను బలవంతుని చేతికి అప్పగించనని నిబంధన చేశాడు. కానీ తాతల నాటి పగ ఆ మంచి పనులను చూడలేదు. క్రీ.పూ. 2350 ప్రాంతంలో ఉమ్మా రాజు లుగల్‌జగేసి లగాషు గుళ్లను కాల్చి దోచుకున్నాడు.

మరి ఉమ్మా గెలిచిందా? కొద్దికాలానికే ఉత్తరం నుండి అక్కదు రాజు సర్గోను వచ్చి, లుగల్‌జగేసిని పట్టి, మెడకు బంధం వేసి నిప్పూరు గుడి గుమ్మం వరకు నడిపించాడు. యెషయా గ్రంథములోని సర్గోను ఈయన కాదు. ఆయన సుమారు 1600 సంవత్సరాల తరువాతి అష్షూరు రాజు.

తరతరాలు పోరాడిన ఆ రెండు పట్టణాలూ మూడవవాని చేతిలో పడ్డాయి. 1877లో ఫ్రెంచివారు త్రవ్వకాలు మొదలుపెట్టేనాటికి లగాషు రాజులు ఏలిన గిర్సు పట్టణం మట్టిదిబ్బలుగా మిగిలింది.

ప్రియ చదువరీ, పొరుగువాని పొలిమేర రాయిని జరపకూడదని ద్వితీయోపదేశకాండము ఎందుకు హెచ్చరించిందో ఇప్పుడు అర్థమైందా? నీ గట్టు తగాదా నీ తండ్రి నాటిదా, తాత నాటిదా? రెండు వైపులా కోర్టు ఖర్చులకు పొలం అమ్ముకున్నాక ఆ గట్టు ఎవరిది? ఈ సాయంత్రమే అవతలి వైపు నిలబడి, ఆ కథను వారి నోట ఒకసారి విను.