చప్పట్లు కొట్టిన ఛాంపియన్

1972 జులై 23, ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్. ప్రపంచ చెస్ పోరులో ఆరో గేమ్. తెల్లపావులు బాబీ ఫిషర్‌వి. మొదటి గేమ్ ఓడి, రెండోదానికి రాకుండా పాయింటు పోగొట్టుకున్న మనిషి, ఇప్పుడు 2.5–2.5తో సమానంగా నిలిచాడు.

అతడు మొదట రాజు ముందున్న బంటునే కదుపుతాడని చెస్ లోకమంతటికీ తెలుసు. కానీ ఆరోజు చెయ్యి పక్కకు జరిగింది. మంత్రి వైపు శకటు ముందున్న బంటు సి4కి వచ్చింది. కాసేపటికే ఆట క్వీన్స్ గాంబిట్‌లో పడింది. ఏడో ఎత్తుకు బోరిస్ స్పాస్కీ తనకు బాగా అలవాటైన టార్టకోవర్ డిఫెన్స్ ఎంచుకున్నాడు. ప్రత్యర్థి సొంతింటికే వెళ్లి తలుపు తట్టాడు ఫిషర్. ఎంత తెగువ!

14వ ఎత్తులో తెల్ల శకటు బి5లో వాలింది. స్పాస్కీ ఎ6 బంటుతో దాన్ని కదిలించబోయాడు. 20వ ఎత్తుకు ఫిషర్ ఇ4 తోస్తే, స్పాస్కీ తన బంటును డి4కు నడిపాడు. ఆట చేజారింది అక్కడే అంటాను నేను. ఆ బంటు డి5లో ఉన్నంతసేపూ సి4 గడికి కాపలా ఉంది. అది కదలగానే శకటు సి4లో పాగా వేసి, నల్లరాజు వైపు గురిపెట్టింది.

ఇక స్పాస్కీకి ఆడేందుకు ఏమీ మిగల్లేదు. 32వ ఎత్తు నుంచి మంత్రిని ఇ8కి, డి8కి, మళ్లీ ఇ8కి... వరసగా ఐదుసార్లు అటూ ఇటూ తిప్పాడు. ఫిషర్ తొందరపడలేదు. ఏనుగులను ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి, 38వ ఎత్తులో ఒక ఏనుగునిచ్చి గుర్రాన్ని కొట్టాడు. 41వ ఎత్తుకు స్పాస్కీ ఓటమి ఒప్పుకున్నాడు.

హాలు చప్పట్లతో మోగిపోయింది. ఓడిన ప్రపంచ ఛాంపియన్ కూడా ప్రేక్షకులతో కలిసి చప్పట్లు కొట్టాడు. కిరీటం జారిపోతున్నా ఎదుటివాడి ఆటలోని అందాన్ని చూడగలిగిన ఆ మనసుకు నేను దండం పెడతాను.

ఆ 14వ ఎత్తుకు మంచి జవాబు స్పాస్కీ శిబిరంలోనే ఉంది. అతడి సహాయకుడు గెల్లర్ దాన్ని ముందే చూపించాడని, బోర్డు ముందు అది గుర్తుకు రాలేదని అంటారు. మరుసటి ఏడాది హిల్వర్సమ్‌లో టిమ్మన్ అవే ఎత్తులు వేశాడు. నల్లపావులతో ఆడుతున్న గెల్లర్ మంత్రిని బి7లో పెట్టి, ఆ గేమ్ గెలిచాడు.