అలమరలో మన వాటా

ఆత్రేయపురం అనగానే ఎవరికైనా పూతరేకులు గుర్తొస్తాయి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ ఆ ఊరు ఉన్న నేలకి ఇంకో చరిత్ర ఉంది. అది చదువు చరిత్ర. ఆ చరిత్రలో మనం ఎక్కడున్నాం అన్నది నా ప్రశ్న.

ధవళేశ్వరం ఆనకట్ట 1847-52 మధ్య కట్టారు. ఆ నీళ్ళు లొల్ల లాకుల దగ్గర చీలి కోనసీమలోకి పారతాయి. కాలవ వెంట పంట వచ్చింది. పంట వెంట డబ్బు, డబ్బు వెంట బడి, బడి వెంట అచ్చుకాయితం వచ్చాయి. ఎగువన రాజమండ్రిలో 1898లో నాళం కృష్ణారావు, ఇరవై ఏళ్ళయినా నిండని కుర్రవాడు, వసురాయ గ్రంథాలయం పెట్టాడు. తర్వాత గౌతమీ గ్రంథాలయం అయింది అదే. అంతకు ఏడాది ముందే భీమవరం దగ్గరి కుముదవల్లి అనే పల్లెలో వీరేశలింగం పేరిట గ్రంథాలయం వెలిసింది. గ్రంథాలయోద్యమ పితామహుడని పేరుపడ్డ అయ్యంకి వెంకటరమణయ్య పుట్టింది కూడా ఈ డెల్టాలోనే, కొంకుదురులో. 1914 ఏప్రిల్‌లో ఆయన పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఆ సభకి అధ్యక్షుడు రాజమండ్రి నుంచి వచ్చిన చిలకమర్తి లక్ష్మీనరసింహం. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా పశ్చిమ డెల్టాలో కొల్లూరు, పెదవడ్లపూడిల మధ్య కాలవ మీద పడవలోనే గ్రంథాలయం నడిపాడు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్ళింది.

మామూలు మనిషికి ఓటు లేని రోజులవి. అందరికీ ఓటు వచ్చింది 1951-52 ఎన్నికలతోనే. అంతకుముందే పల్లెటూరి గ్రంథాలయానికి సభ్యులున్నారు, కార్యదర్శి ఉన్నాడు, లెక్కల పుస్తకం ఉంది, ఏడాదికోసారి సభ ఉంది. చదువురాని వాళ్ళకి ఒకరు పేపరు చదివి వినిపిస్తే పదిమంది వాదించుకునేవాళ్ళు. ప్రభుత్వం చెప్పిందే నిజం కానక్కర్లేదని ఊరి జనానికి తెలిసింది అక్కడే. ప్రజాస్వామ్యానికి మన దగ్గర అదే ఓనమాలు. ఇందుకు గ్రంథాలయోద్యమానికి మనమూ రుణపడి ఉన్నాం. ఆ మాట ముందు చెప్పాకే మిగతాది చెప్పాలి.

మిగతాది ఏమిటి? 1931 మార్చిలో ఆత్రేయపురానికి దగ్గర్లోనే వాడపల్లిలో వెంకటేశ్వరస్వామి రథం మీద గాంధీ పటం పెట్టారు. పోలీసులు అడ్డుపడ్డారు, కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఆ ధైర్యానికి ఎవరైనా తలవంచాల్సిందే. అయినా ఒక సంగతి గమనించాలి. దేశం అనే భావన ఆ ఊరికి గుడి రథమెక్కి వచ్చింది. రథం తాడు పట్టుకునే హక్కు ఎవరికి ఉందో వాళ్ళకి దేశం దగ్గరయింది. అంటరానివాడని దూరం పెట్టిన మనిషీ, మసీదుకి పోయే మనిషీ ఆ రోజు ఎక్కడ నిలబడి చూశారు? చరిత్ర పుస్తకాలు ఈ ప్రశ్న వేయలేదు.

పుస్తకం కూడా ఇంచుమించు అలాగే వచ్చింది. 1886లో విశాఖపట్నంలో పెట్టిన గ్రంథాలయం పేరు సరస్వతీ నిలయం. హైదరాబాదులో 1901లో పెట్టిన దాని పేరు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. పుస్తకం అంటే సరస్వతి, తెలుగు అంటే రాయలు. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. తమకు తెలిసిన పవిత్రమైన పేర్లు వాళ్ళు పెట్టుకున్నారు. కానీ తెలుగు అనే మాటకి మెల్లగా ఒక మతం అంటుకుంది. ఇవాళ్టికీ మన ఊళ్ళల్లో 'తెలుగోళ్ళు, సాయిబులు' అంటారు, సాయిబులు తెలుగువాళ్ళు కానట్టు. ఇంట్లో తెలుగు తప్ప మరోటి తెలియని దూదేకుల కుటుంబం కూడా ఆ మాట దగ్గర పరాయిదైపోతుంది.

నిజాం రాజ్యంలో ఇదే కథ తిరగబడి నడిచింది. అక్కడ 1891లోనే ఆసఫియా గ్రంథాలయం వచ్చింది. అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ గ్రంథాలకి అది గొప్ప భాండాగారం. అదే రాజ్యంలో తెలుగువాడు నాలుగు పుస్తకాలు పోగేసి సభ పెట్టుకుంటే సర్కారు అనుమానంగా చూసింది. అణిగినవాడి భాష అక్కడ తెలుగు, ఏలినవాడి భాష ఉర్దూ. ఆ అన్యాయాన్ని అన్యాయమని మనమే ముందు అనాలి. అయితే దాని ఫలితం హైదరాబాదు నవాబుల మీదే పడలేదు. ఏ నవాబునీ చూడని గోదావరి రిక్షావాడి మీదా, బీడీలు చుట్టే బీబీ మీదా పడింది. ఉర్దూ అంటే దర్బారు అన్న ముద్ర వాళ్ళకీ వేశారు.

రెండు అలమరల మధ్య తలుపులు లేవా? ఉన్నాయి. పిఠాపురంలో ఉమర్ అలీషా (1885-1945) ఉమర్ ఖయ్యాంని ఫార్సీ నుంచి తెలుగు పద్యంలోకి తెచ్చారు. ఆయన ఢిల్లీ కేంద్ర శాసనసభలో సభ్యులు కూడా. ఖురానుని తెలుగు చేసిన తొలి పండితుడు చిలుకూరి నారాయణరావు ముస్లిం కాదు. 1940లలో హైదరాబాదు నుంచి వచ్చిన 'మీజాన్' పత్రిక యజమాని ముస్లిం. దాని తెలుగు సంచికకి సంపాదకుడు భీమవరం ప్రాంతం నుంచి వెళ్ళిన అడివి బాపిరాజు. గాలిబ్‌ని దాశరథి తెలుగులో పాడించారు. ఇవన్నీ మనుషులు చేసిన పనులు. సంస్థలు వీటిని మామూలు సంగతిగా మార్చలేదు. తలుపు తెరిచినవాళ్ళు పోయాక తలుపు మళ్ళీ మూసుకుంది.

సంస్థ అంటే చట్టం, పన్ను, ఉద్యోగి. 1948 మద్రాసు చట్టం, 1955 హైదరాబాదు చట్టం కలిసి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం అయ్యాయి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. ఈ 8 పైసలు ఆలోచించదగ్గవి. రేకుల ఇంటి సాయిబూ కడతాడు, మేడ ఇంటి రాజుగారూ కడతారు. పుస్తకం చందాదారు దయ మీద నడిచిన కాలం పోయి పౌరుడి హక్కు అయింది. కాబట్టి గ్రంథాలయంలో ఉర్దూ పుస్తకం, ముస్లిం జీవితం రాసిన తెలుగు పుస్తకం అడగటం బిచ్చం కాదు, వాటా. ఆ వాటా అందుతోందా? ఒక ఊరి శాఖా గ్రంథాలయంలో నేను ఉర్దూ పత్రిక ఉందా అని అడిగాను. 'అది మీ మసీదులో ఉంటుందండీ' అన్నాడు అక్కడి ఉద్యోగి, చాలా మర్యాదగానే.

ఆ పన్ను సొమ్ము కూడా స్థానిక సంస్థల దగ్గర బకాయిపడి జిల్లా గ్రంథాలయ సంస్థలకి సరిగా చేరటం లేదు. పాత పుస్తకాలు, ఖాళీ ఉద్యోగాలు, పోటీ పరీక్షల గైడ్లు. అలమర ఖాళీ అయితే ఆ చోటు ఖాళీగా ఉండదు. 2020లో కరోనా రోగాన్ని ముస్లింల ఖాతాలో వేసింది ఏ పుస్తకం? ఏ పుస్తకమూ కాదు, చేతిలోని ఫోను. 2022లో ఆత్రేయపురం కొత్తగా ఏర్పడ్డ కోనసీమ జిల్లాలో చేరింది. ఆ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామంటే మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాల్చారు. గ్రూపుల్లో సందేశాలు తిప్పి జనాన్ని పోగేశారు. ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేయాల్సి వచ్చింది. ఇంత పుస్తక సంస్కృతి ఉన్న నేల మీద, జీవితమంతా పుస్తకాలతో గడిపిన మనిషి పేరు మీద! పక్కవాడి గురించి చదవని చోట పక్కవాడి గురించి విన్నదే నిజమవుతుంది. ముందు దళితుడికి, తర్వాత మనకి, లేదా అటుదిటు.

మన తప్పులు మనం చెప్పుకోవద్దా? తెలుగు తప్ప రాని పిల్లలకి అర్థంకాని ఉర్దూలో బయాన్ వినిపించి అదే చదువనుకున్నాం. తెలుగుని ఇంటి బయట చెప్పులతో పాటు విడిచే భాషగా చూశాం. ఊరి గ్రంథాలయం మనది కాదని మనమూ అనుకున్నాం. మన ఆడపిల్లలు ఎంతమంది పేపర్ల బల్ల దగ్గర కూర్చోగలుగుతున్నారు? మగవాళ్ళతో నిండిన ఆ గదిలోకి బురఖాతో అడుగుపెట్టటం ఎంత కష్టమో వాళ్ళనే అడగాలి.

గోదావరి జిల్లాల్లో మనం నూటికి ఒకరిద్దరం. ఓట్ల లెక్కలో మన మాట వినపడదు. అందుకే చదువుకునే గది మనకి మరీ అవసరం. ఓట్ల పెట్టె దగ్గర సంఖ్య గెలుస్తుంది. చదివే బల్ల దగ్గర మాత్రం ఒక్కడి అనుభవం కూడా వందమందికి చేరుతుంది. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. అది మనం మాత్రమే చదువుకుంటే గోడు. పక్కింటి రాజుగారబ్బాయి, మాలపల్లి అమ్మాయి చదివితే చరిత్ర.

రశీదు తీసి చూడండి. గ్రంథాలయ పన్ను అని ఒక వరుస ఉంటుంది. ఆ రశీదు పట్టుకుని గ్రంథాలయానికి వెళ్ళి, కావలసిన పుస్తకాల జాబితా రాసి ఇవ్వండి. మన పుస్తకాలే కాదు, అంబేడ్కర్‌నీ వీరేశలింగాన్నీ కూడా అడగండి. పక్కన మీ కూతుర్ని తీసుకెళ్ళండి.